ఒకరిది మాట, ఒకరిది మోర్స్

అమెరికా, కెనడాల్లో ఏటా జనవరి, జూన్, సెప్టెంబరు నెలల్లో అమెరికా రేడియో హామ్‌ల సంఘం ఎ.ఆర్.ఆర్.ఎల్. వారి వి.హెచ్.ఎఫ్. పోటీలు జరుగుతాయి. హామ్‌లు, అంటే ఆసక్తి కొద్దీ రేడియో స్టేషన్ నడిపేవారు, 50 మెగాహెర్ట్జ్, ఆపై బ్యాండ్లలో వీలైనన్ని స్టేషన్లను, వీలైనన్ని గ్రిడ్లను పట్టుకోవాలి. గ్రిడ్ అంటే రెండు డిగ్రీల రేఖాంశం, ఒక డిగ్రీ అక్షాంశం ఉన్న గడి. మన హైదరాబాద్ ఎం.కె.97లో, విజయవాడ ఎన్.కె.06లో పడతాయి. ఒక చోట ఉన్న స్టేషన్ ఒక బ్యాండులో ఒక్కసారే లెక్కకు వస్తుంది. మాటతో కలిశారా, మోర్స్‌తో (చుక్కలు, గీతల సంకేతాలతో) కలిశారా అన్నది చూడరు. ఆ వెసులుబాటులోంచే క్రాస్‌మోడ్ కాంటాక్ట్ పుట్టుకొస్తుంది: ఒకరు మైకులో మాట్లాడతారు, అవతలివారు మోర్స్‌లో జవాబిస్తారు.

కొండమీద 1000 వాట్ల స్టేషన్, దూరంగా కారులో 50 వాట్ల స్టేషన్ ఉన్నాయనుకుందాం. దారిలో తరంగం ఎంత బలహీనపడుతుందనేది అటునుంచి ఇటైనా ఇటునుంచి అటైనా ఒకటే. కాబట్టి తేడా అంతా పవరుదే. కొండ మాట కారుకు వినబడుతుంది. కారు మాట మాత్రం 20 రెట్లు, అంటే 13 డెసిబెల్స్ తక్కువగా చేరుతుంది. హోరులో ఎవరో ఉన్నారని కొండకు తెలుస్తుంది, కాల్ సైన్ (స్టేషన్ గుర్తింపు పేరు) అందదు. ఎంత అరిచినా లాభం లేదు.

ఇప్పుడు కారులోని హామ్ మైకు పక్కనపెట్టి మోర్స్ కీ అందుకుంటాడు. మాటను పట్టాలంటే రిసీవర్ సుమారు 2400 హెర్ట్జ్ మేర తెరిచి ఉండాలి. తలుపు ఎంత బార్లా తీస్తే అంత దుమ్ము వస్తుంది; ఇక్కడ హోరూ అంతే. మోర్స్ ఒకే స్వరం, 100 హెర్ట్జ్ ఫిల్టర్ చాలు. అప్పుడు హోరు 24వ వంతుకు, అంటే దాదాపు 14 డెసిబెల్స్ తగ్గుతుంది. లోటు 13, లాభం 14! బలహీనంగా ఉన్న వైపుకే ఈ సాయం అందడం నాకెంతో నచ్చే సంగతి. ఫిల్టర్ లేకున్నా, అలవాటుపడ్డ చెవి ఆ పని కొంతవరకు తానే చేస్తుంది.

ఒక చిక్కుంది. కొండ 144.205 మెగాహెర్ట్జ్ మీద అప్పర్ సైడ్‌బ్యాండ్‌లో (ఆ ఫ్రీక్వెన్సీకి పైవైపు వినే పద్ధతిలో) వింటోంది. కారు సరిగ్గా అదే ఫ్రీక్వెన్సీలో కీ కొడితే కొండమీద ఏమీ వినబడదు; వినబడే స్వరం రెండింటి ఫ్రీక్వెన్సీల తేడాయే, అదిప్పుడు సున్నా కనుక. ఓ 700 హెర్ట్జ్ పైకి జరిగితేనే కూత వినిపిస్తుంది. కొన్ని రేడియోలు మోడ్ మార్చగానే ఆ సర్దుబాటు చేసుకుంటాయి; మీది చేస్తుందో లేదో ముందే చూసుకోవాలి.

చట్టమూ ఇందుకు అనుకూలమే. అమెరికాలో 144.0 నుంచి 144.1 మెగాహెర్ట్జ్ వరకు మోర్స్‌కే కేటాయించారు, అక్కడ మాట్లాడకూడదు. దానిపైన మాట సాగే చోట మోర్స్‌కూ అనుమతి ఉంది. అయితే అన్ని పోటీలూ మాటను, మోర్స్‌ను ఇలా కలపవు. సి.క్యు. వరల్డ్‌వైడ్ అనే పోటీలో మాటకు అక్టోబరు, మోర్స్‌కు నవంబరు.

అమెరికా 2007లో లైసెన్సుకు మోర్స్ పరీక్ష ఎత్తేసింది. అలా మోర్స్ చదవడం రాకుండానే లైసెన్సు పొందినవారు కూడా కారులోంచి, ముందే నింపిన సందేశాన్ని మోర్స్‌లో పంపే మెమొరీ కీయర్‌తో కాల్ సైన్, గ్రిడ్ పంపగలరు. తమకొచ్చే జవాబు మాటే కదా. చదవగలగాల్సింది కొండమీది ఆపరేటరు. హోరులో గొంతు ఆనవాలు తగిలితే "మోర్స్‌లో పంపండి" అని ముందుగా అడగాల్సిందీ ఆయనే, ఎందుకంటే అవతలికి వినబడుతున్నది ఆయన మాటే.