నిలబడి పనిచేసే పాదాలకు ఎలాంటి సోలు?

రమజాన్ చివరి పది రాత్రుల్లో హైదరాబాదు పత్థర్‌గట్టీ వైపు వెళ్ళినవారికి అక్కడి సందడి తెలుసు. ఇఫ్తార్ తర్వాత మొదలయ్యే కొనుగోళ్ళు సహ్రీ వేళ సమీపించే వరకు సాగుతాయి. కొనడానికి వచ్చినవారికి కుర్చీ వేస్తారు, మంచినీళ్ళు ఇస్తారు. కౌంటరుకు అవతల నిలబడి తానులకు తానులు విప్పి చూపేవారికి మాత్రం కుర్చీ ఉండదు. తెల్లని దుప్పటి పరచిన పరుపు మీద కూర్చుని బట్టలు చూపే పాత పద్ధతి మిగిలి ఉన్న దుకాణాలలో ఈ బాధ కొంత తక్కువ. అద్దాల కౌంటర్లు, నున్నని గ్రానైటు నేల వచ్చిన చోట పది పన్నెండు గంటలు నిలబడటమే ఉద్యోగమైపోయింది.

ఇది పండుగ నెలకే పరిమితమైన సమస్య కాదు. ఆసుపత్రి వార్డులో నర్సు, తరగతి గదిలో ఉపాధ్యాయిని, హోటలు వంటశాలలో బావర్చీ, క్షౌరశాలలో పనివాడు, గేటు దగ్గర కాపలాదారు, గల్ఫ్ దేశాల సూపర్ మార్కెట్లలో సరుకులు సర్దే మన తెలుగు యువకులు, వీరందరి జీవనోపాధి పాదాల మీదే నడుస్తోంది. గృహిణి సంగతి ఎవరూ లెక్కలోకి తీసుకోరు. ఆమె వంటగది బండల మీద వట్టి కాళ్ళతో నిలబడే గంటలకు హాజరుపట్టీ లేదు కనుక అవి పనిగంటలుగా కనబడవు.

సాయంత్రానికి మడమలు మంటలెత్తే ఇలాంటివారికి ఇప్పుడు బజారులో సులభంగా దొరుకుతున్న వస్తువు, బూటు లోపల వేసుకునే అదనపు సోలు. దుకాణదారులు దీనినే ఇన్‌సోల్ అంటారు. వంద రూపాయల నుంచి కొన్ని వేల రూపాయల వరకు ధరలున్నాయి. అట్టపెట్టె మీది వాగ్దానాలు ధరను మించి ఉంటాయి. సరైనది ఎంచుకుంటే దీనివల్ల ఉపశమనం కలిగే మాట నిజమే. అయితే ఏది సరైనదో తెలియాలంటే ముందు నొప్పి ఎక్కడ పుడుతోందో తెలియాలి.

నొప్పి పుట్టే చోటు

ఒక్కొక్క పాదంలో 26 ఎముకలు, 33 కీళ్ళు ఉంటాయి. మడమ ఎముక కింద ఒక కొవ్వు మెత్త ఉంటుంది. అడుగు వేసినప్పుడు తగిలే దెబ్బను అది తనలోకి తీసుకుంటుంది. వయస్సు పెరిగేకొద్దీ ఆ మెత్త సాగేగుణం తగ్గుతుంది. నలభై దాటినవారికి గట్టి నేల మరింత గట్టిగా అనిపించడానికి ఇదొక కారణం. మడమ ఎముక నుంచి వేళ్ళ మొదళ్ళ దాకా అరికాలి కింద ఒక దృఢమైన పట్టీ సాగి ఉంటుంది. పాదం మధ్యలోని వంపును విల్లును బిగించే నారిలా నిలిపి ఉంచేది అదే. గంటల తరబడి బరువు మోసినప్పుడు ఈ పట్టీ మడమను అంటుకునే చోట గాసిపడుతుంది. ఉదయం పడక దిగి వేసే మొదటి నాలుగైదు అడుగులు సూదులతో పొడిచినట్లు ఉండి, కొంచెం నడవగానే తగ్గుముఖం పడితే ఆ పట్టీని అనుమానించాలి.

కదలకుండా నిలబడటం నడక కంటె ఎక్కువ అలసట కలిగిస్తుందన్నది అందరి అనుభవమే. నడిచేటప్పుడు పిక్క కండరం ముడుచుకుంటూ, సాగుతూ కాళ్ళలోని రక్తాన్ని పైకి నెడుతుంది. నిలబడిపోయినప్పుడు ఆ పని మందగించి రక్తం, నీరు కిందనే నిలుస్తాయి. సాయంత్రానికి చీలమండల వద్ద మేజోళ్ళ అచ్చు లోతుగా పడటం, కాలక్రమంలో పిక్కల మీద నరాలు ఉబ్బి మెలికలు తిరగడం దీని ఫలితాలే. ఈ రెండవ బాధకు ఇన్‌సోల్ మందు కాదు. సోలు పాదానికి ఆనుగడను ఇవ్వగలదు గాని రక్తాన్ని పైకి నెట్టలేదు. కొనేవారు ఈ తేడాను గుర్తుంచుకుంటే సగం నిరాశ తప్పుతుంది.

మెత్తదనాన్ని చూసి మోసపోవద్దు

దుకాణంలో బొటనవేలితో నొక్కి, లోతుగా దిగిన దానినే మంచిదనుకోవడం సర్వసాధారణం. నొక్కిన గుర్తు నెమ్మదిగా మాయమయ్యే ఆ మెమరీ ఫోమ్‌ను మొదట 1960ల నాటి అమెరికా అంతరిక్ష సంస్థ పరిశోధనలలో రూపొందించారు. ఈ మాట ప్రకటనలలో తప్పక కనబడుతుంది. అయితే ఆ నురుగుకు ఒంటి వేడి తగిలితే మరింత మెత్తబడే గుణం ఉంది. మొదటి గంట పూలపాన్పులా ఉండి, మధ్యాహ్నానికి మడమ కింద పూర్తిగా అణగిపోతుంది. అప్పుడు పాదం మళ్ళీ బూటు అడుగుభాగం మీదే నిలబడినట్లవుతుంది. అతిగా మెత్తనైన దాని మీద పాదం నిలకడ కోసం లోలోపల సర్దుకుంటూనే ఉంటుంది. ఆ శ్రమ పిక్కలలో తెలుస్తుంది. ఇసుకలో చాలాసేపు నిలబడి చూసినవారికి ఇది వివరించనక్కరలేదు.

రోజంతా నిలబడేవారికి కావలసింది కొంచెం గట్టి అడుగు, దాని మీద పలుచని మెత్తని పొర. మడమ కూర్చునే చోట లోతైన గిన్నె ఆకారం ఉండాలి. అది మడమ కింది కొవ్వు మెత్త పక్కలకు చెదిరిపోకుండా కూడగట్టి ఉంచుతుంది. సోలు మధ్యభాగాన్ని రెండు చేతులతో మెలితిప్పి చూడాలి. తడిగుడ్డలా మెలి తిరిగితే అది పాదపు వంపును మోయలేదు.

పదార్థాల విషయానికి వస్తే, ఈ.వి.ఏ. నురుగు తేలికైనది, చవకైనది. కొన్ని నెలలకు అణగి చదునవుతుంది. పాలీయురెథేన్ కొంచెం బరువైనా ఎక్కువకాలం తన ఆకారం నిలుపుకుంటుంది. రోజూ పది గంటలు వాడేవారికి ఇదే లాభసాటి. జెల్ మడమ కింద చిన్న మెత్తగా బాగుంటుంది గాని, పాదం పొడవునా వేస్తే బరువనిపిస్తుంది. కార్క్ సోలు మొదట గట్టిగా ఉండి, వాడేకొద్దీ పాదపు అచ్చుకు అలవాటు పడుతుంది.

ఇక మన దేశానికి బాగా పరిచయమున్న మరొకటి ఎం.సి.ఆర్., అంటే లోపల సన్నని గాలిబుడగలున్న రబ్బరు. దీని వెనుక ఒక చరిత్ర ఉంది. తమిళనాడులోని కొల్లిమలలో జన్మించిన శస్త్రవైద్యుడు పాల్ బ్రాండ్ 1946 నుంచి వేలూరు క్రిస్టియన్ వైద్య కళాశాలలో పనిచేశారు. కుష్ఠు రోగుల పాదాలకు పుండ్లు పడుతున్నది మాంసం తనంతట తాను కుళ్ళిపోవడం వల్ల కాదని, స్పర్శ పోయిన పాదం ఒత్తిడిని, గాయాన్ని గుర్తించలేకపోవడం వల్లనేనని ఆయన గ్రహించారు. అలాంటి పాదాలను కాపాడే ప్రయత్నంలో ఈ రబ్బరు పరచిన చెప్పులు వాడుకలోకి వచ్చాయి. నేడు మధుమేహ రోగులకు వైద్యులు సూచించే ఎం.సి.ఆర్. చెప్పులు ఆ కృషికి కొనసాగింపే. చెప్పుల దుకాణాలలో, కొన్ని మందుల దుకాణాలలో ఇవి దొరుకుతాయి. ఇన్‌సోల్ అంతా బూట్ల ప్రపంచపు వస్తువు. పట్టీల చెప్పులో దానిని వేసుకోలేము. కనుక ఏడాది పొడుగునా చెప్పులే తొడిగేవారికి, వంటగదిలో పనిచేసే స్త్రీలకు ఒక జత ఎం.సి.ఆర్. చెప్పులు ఖరీదైన ఇన్‌సోల్ కంటె ఎక్కువ ప్రయోజనకరమని మా అభిప్రాయం. అరిగిపోయి పలుచబడిన హవాయి చెప్పులతో పోలిస్తే ఆ తేడా ఒక్క వారంలో తెలుస్తుంది.

కొనే ముందు, కొన్న తర్వాత

తడి పాదాన్ని పాత వార్తాపత్రిక మీద ఆనించి అచ్చు చూడండి. మధ్యభాగం నిండుగా పడితే పాదం చదునైనది. మడమకు, ముందు భాగానికి మధ్య సన్నని గీత మాత్రమే పడితే వంపు ఎక్కువ. చదును పాదానికి వంపు కింద గట్టి ఆధారం మేలు, అయితే అది మరీ ఎత్తుగా ఉండి పొడవకూడదు. వంపు ఎక్కువైన పాదానికి బరువంతా మడమ మీద, వేళ్ళ మొదళ్ళ మీద పడుతుంది కనుక అక్కడ మెత్తదనం అవసరం. సోలు మీద నిలబడినప్పుడు దాని ఎత్తైన చోటు మీ పాదపు వంపు కిందకే రావాలి. ముందుకో వెనక్కో జరిగితే సైజు అంకె సరిపోయినా ఆ సోలు మీది కాదు.

బూట్లు, సోళ్ళు సాయంత్రం కొనడం మంచిది. పగటి శ్రమకు పాదం కొంత ఉబ్బుతుంది. ఉదయం సరిపోయినది రాత్రికి బిగుతవుతుంది. బూటులో ముందే ఉన్న సోలు ఊడి వచ్చేదైతే దానిని తీసిన తర్వాతే కొత్తది వేయాలి. ఒకదాని మీద ఒకటి వేస్తే మడమ పైకి లేచి బూటు నుంచి జారుతుంది, వేళ్ళు పైభాగానికి ఒరుసుకుంటాయి. పాతది అతికించి ఉంటే ముప్పావు పొడవు సోలును ఎంచుకోవాలి. అది వేళ్ళ కిందకు రాదు. కత్తిరించవలసి వస్తే పాత సోలును అచ్చుగా పెట్టి గీత గీసి, వేళ్ళ వైపు మాత్రమే కొద్దికొద్దిగా కత్తిరించాలి. మడమ వైపు కత్తెర పెడితే గిన్నె ఆకారం చెడుతుంది. నొప్పి ఒక కాలికే ఉన్నా రెండు బూట్లలోనూ వేయాలి. లేకపోతే ఒక కాలు ఎత్తై నడుము నొప్పి మొదలవుతుంది.

మొదటి రోజే పది గంటలు వాడవద్దు. గంటో రెండు గంటలో వాడి, రోజురోజుకు పెంచుతూ పోతే పాదం అలవాటు పడుతుంది. రెండు వారాలు గడిచినా కొత్త చోట నొప్పి ఉంటే ఆ సోలును మానుకోవడమే మంచిది. నొక్కి వదిలినప్పుడు తిరిగి లేవని సోలు, మడమ దగ్గర కాగితంలా పలుచబడిన సోలు పనికిరావు.

పాదం కొలతలు తీసి ప్రత్యేకంగా చేయించే సోళ్ళకు వేలకు వేలు వెచ్చించాలా అన్న ప్రశ్న తరచుగా వస్తుంది. అరికాలి పట్టీ నొప్పి ఉన్నవారిపై ఆస్ట్రేలియా పరిశోధకులు జరిపిన అధ్యయనం 2006లో ప్రచురితమైంది. తయారుగా దొరికే గట్టి సోళ్ళు, ప్రత్యేకంగా చేయించినవి రెండూ మొదటి మూడు నెలల్లో కొంత మేలు చేశాయి. ఏడాది తర్వాత మాత్రం పేరుకు వేసిన పలుచని నురుగు సోలుకూ వాటికీ చెప్పుకోదగిన తేడా కనిపించలేదు. పాదం ఆకారంలో లోపమున్నవారికి, పుండ్లు పడినవారికి వైద్యుడు చేయించమంటే అది వేరు సంగతి. మామూలు అలసటకు, మామూలు మడమ నొప్పికి ముందుగా బజారులోని నాణ్యమైన సోలును ప్రయత్నించడం వివేకం. దానితోపాటు గోడకు చేతులానించి, ఒక కాలు వెనక్కి చాచి, మడమ నేలకు ఆనించి పిక్కను సాగదీసే వ్యాయామం రోజుకు రెండు మూడుసార్లు చేయాలి. దీనికి పైసా ఖర్చు లేదు.

వుజూ నీళ్ళు, మధుమేహం

పనివేళల్లో వుజూ చేసుకుని, తడి ఆరకుండానే మేజోళ్ళు, బూట్లు తొడిగే అలవాటు మనలో చాలామందికి ఉంది. నురుగు సోలు ఆ తడిని పీల్చుకుని గంటల తరబడి ఉంచుతుంది. వేళ్ళ సందుల్లో చర్మం తెల్లగా నాని, దురద, పగుళ్ళు రావడానికి ఇదే చాలు. జేబులో ఒక చిన్న నూలు గుడ్డ ఉంచుకుని వేళ్ళ సందులు తుడుచుకోవాలి. రాత్రి సోళ్ళను బయటకు తీసి గాలికి ఆరనివ్వాలి. రెండు జతలుంటే రోజు విడిచి రోజు మార్చుకోవచ్చు.

మధుమేహం ఉన్నవారు ఇంకొంత జాగ్రత్త వహించాలి. స్పర్శ తగ్గిన పాదానికి బిగువైన బూటు కూడా హాయిగానే అనిపిస్తుంది. కొత్త సోలు వేసిన అరగంటకు విప్పి, ఎక్కడైనా ఎరుపు తేలిందేమో చూడాలి. వుజూ కోసం రోజుకు ఐదుసార్లు పాదాలు చేతిలోకి వస్తాయి. కనీసం ఒక్కసారైనా అరికాలిని, వేళ్ళ మధ్యను తేరిపార చూసుకోవచ్చు. చూపు ఆనని పెద్దలకు మనుమలు సాయం చేయగలరు. వేసవిలో జుమా నమాజుకు వెళ్ళినప్పుడు మస్జిద్ ఆవరణలోని రాళ్ళు నిప్పులా ఉంటాయి. స్పర్శ లేని పాదం కాలినా ఆ సమయంలో తెలియదు. చాప మీదుగానో, మందపాటి మేజోళ్ళతోనో నడవాలి. గాయం కనబడినా, ఒక కాలే వాచినా, విశ్రాంతి తీసుకున్నా నొప్పి తగ్గకపోయినా, తిమ్మిరి వదలకపోయినా సోళ్ళు మార్చుతూ కాలక్షేపం చేయకుండా వైద్యుణ్ణి సంప్రదించాలి.

కుర్చీ సంగతి

ఎంత మంచి సోలైనా కూర్చోవడానికి ప్రత్యామ్నాయం కాలేదు. కేరళలో కోఴికోడు మిఠాయి వీధి దుకాణాలలో పనిచేసే స్త్రీలు ఈ విషయాన్ని బహిరంగంగా చెప్పారు. దర్జీ పని చేసే పి. విజి నాయకత్వంలోని పెణ్‌కూట్టు అనే మహిళా సంఘం మరుగుదొడ్ల కోసం, కూర్చునే హక్కు కోసం ఏళ్ళ తరబడి పోరాడింది. ఫలితంగా 2018లో కేరళ ప్రభుత్వం దుకాణాల చట్టాన్ని సవరించి, పనివారికి ఆసనాలు ఏర్పాటు చేయడం తప్పనిసరి చేసింది. 2021లో తమిళనాడు అదే దారిలో నడిచింది. కర్మాగారాలకైతే 1948 నాటి ఫ్యాక్టరీల చట్టంలోని 44వ సెక్షనులోనే, నిలబడి పనిచేసేవారు వీలు చిక్కినప్పుడు కూర్చునేందుకు ఏర్పాట్లు ఉండాలన్న నియమం పెట్టారు.

మన పాఠకులలో దుకాణాల యజమానులు చాలామంది ఉన్నారు. కౌంటరు వెనుక ఒక ఎత్తైన స్టూలు వేయడానికి పట్టే స్థలం రెండడుగులకు మించదు. దాని మీద ఒరిగి కూర్చున్న మనిషి కొనుగోలుదారు రాగానే లేవగలడు. స్టూలుకు చోటు లేని దగ్గర కౌంటరు అడుగున జానెడు ఎత్తు చెక్కపీట పెడితే ఒక్కొక్క కాలిని మార్చి మార్చి దాని మీద ఆనించుకోవచ్చు. నడుముకు ఎంతో హాయి. గ్రానైటు మీద మందపాటి రబ్బరు చాప పరచడం మరో ఉపాయం. చెప్పులు గుమ్మం బయట విడిచి వట్టి కాళ్ళతో పనిచేయాలన్న నియమమున్న దుకాణాలలో ఈ చాప మరీ అవసరం. ఇన్‌సోల్ వేసుకునే అవకాశమే లేనివారు వారు. లోపల మాత్రమే తొడిగే శుభ్రమైన ఎం.సి.ఆర్. చెప్పులు ఒక్కొక్కరికి ఒక జత ఇస్తే నేల శుభ్రతకూ లోటుండదు. రమజాన్ రద్దీ మొదలవకముందే, షాబాన్‌లోనే ఈ కొనుగోలు ముగిస్తే కొత్త చెప్పులు పాదాలకు అలవాటు పడేందుకు వ్యవధి ఉంటుంది.