చెవిలేని గుమాస్తా

పొందూరు సన్నఖద్దరు పేరు విననివారు మనలో అరుదు. అక్కడ నూలు వడికే స్త్రీలు కూర్చున్నదే తడవుగా రాట్నం త్రిప్పరు. ముందుగా వాలుగ చేప దవడ ఎముకతో ప్రత్తిని దువ్వి శుభ్రపరుస్తారు. దారపు నాణ్యమంతా ఆ దువ్వడంలోనే ఉన్నది. గ్రంథాలయంలోనో, కార్యాలయపు రికార్డు గదిలోనో ఉద్యోగం కోరి కంప్యూటరు అభ్యసించే యువతీయువకులకు కూడ ఇటువంటి ముందుపని ఒకటి ఉన్నది.

ఆ ఊరి పేరునే తీసుకొందాము. ఒకరు సున్నతో "పొందూరు" అని వ్రాస్తారు. మరొకరు నకారానికి దకారపు ఒత్తు ఇచ్చి "పొన్దూరు" అని వ్రాస్తారు. మన చెవికి రెండూ ఒక్కటే. కంప్యూటరు చెవిలేని గుమాస్తా. యూనికోడ్ అనే ప్రమాణం ప్రకారం ప్రతి అక్షరానికీ ఒక సంఖ్య ఉన్నది; వెదకడమంటే ఆ సంఖ్యలను పోల్చడమే. ప్రత్యేకించి నేర్పితే తప్ప, ఒక వ్రాతతో అడిగినవారికి రెండవ వ్రాతతో ఎక్కిన కాగితాన్ని అది చూపదు. ఆ కాగితం ఒక రైతు తాతగారి నాటి భూమి దస్తావేజు అయినదనుకోండి. అది బీరువాలోనే ఉన్నది. ఆయన మాత్రం లేదనిపించుకొని ఇంటికి వెళ్ళిపోతాడు.

మనుష్యుల పేర్లతో చిక్కు మరింత ఎక్కువ. శ్రీకాకుళంలో 1997లో కథానిలయాన్ని నెలకొల్పిన కాళీపట్నం రామారావుగారిని పాఠకలోకం "కారా మాస్టారు" అని పిలుచుకొన్నది. ఒకచోట పూర్తిపేరు, మరొకచోట "కారా" అని నమోదు చేస్తే యంత్రం ఇద్దరు రచయితలని లెక్క వేస్తుంది. అందుచేతనే గ్రంథాలయాలలో ఒక రూపాన్ని ప్రామాణికంగా నిర్ణయించి, తక్కిన రూపాలనుండి దానికి దారి చూపుతారు.

ఇక అభ్యాసక్రమం. మొదట యూనికోడ్‌లో తెలుగు టైపు చేయడం నేర్వవలెను. పిమ్మట స్ప్రెడ్‌షీటు పట్టికలో ఒక్కొక్క గడికి ఒక్కొక్క వివరమే వ్రాయడం అలవరచుకోవలెను. తరువాత వర్గీకరణ: 1876లో వెలువడిన డ్యూయీ దశాంశ పద్ధతిలో తెలుగు సాహిత్యానికి 894.827 అనే సంఖ్య ఉన్నది. ఆ పైన "కోహా" వంటి గ్రంథాలయ సాఫ్ట్‌వేరు. న్యూజిలండులో పుట్టిన దీనిని వెల చెల్లించకుండానే వాడుకోవచ్చును. మావోరీ భాషలో ఆ మాటకు కానుక అని అర్థం.

దీనికి పెద్ద గ్రంథాలయమే అక్కరలేదు. మీ యింట ఉన్న ఇరవై పుస్తకాలకు పట్టిక తయారు చేయండి. దానిని పొరుగింటివారి చేతికిచ్చి, వారు కోరిన పుస్తకాన్ని వారినే వెదకి తీయమనండి. దొరకకపోతే యంత్రాన్ని నిందించక, మీ వ్రాతను మరొకసారి దువ్వి చూడండి.