దురియన్ పండు: పేరు విని కాదు, గుర్తులు చూసి కొనండి

మన ప్రాంతం నుండి సింగపూరు, మలేసియా వెళ్ళి నర్సులుగా, ఇంజనీర్లుగా పనిచేస్తున్న పిల్లలు చాలామంది ఉన్నారు. కూతుళ్ళ పురుళ్ళకని, మనుమలను చూసుకోవడానికని తల్లిదండ్రులు వారి దగ్గరకు వెళ్ళి రెండు మూడు నెలలు ఉండి వస్తున్నారు. ప్రయాణానికి ముందు బి.పి., షుగరు మందులు రాయించుకోవడానికి వచ్చినప్పుడు వారు మమ్మల్ని తరచుగా ఒక ప్రశ్న అడుగుతున్నారు: "సిస్టరమ్మా, అక్కడ దురియన్ అని ఒక పండు ఉందట, తినవచ్చా?" పిల్లలు లేని దంపతుల ప్రశ్న వేరు: "ఆ పండు తింటే సంతానం కలుగుతుందట, నిజమేనా?" ఈ రెండు ప్రశ్నలకూ ఈ సంచికలో వివరంగా జవాబు చెప్పదలచుకున్నాము.

ఇది పనస కాదు, లక్ష్మణఫలమూ కాదు

దురియన్ దూరం నుండి పనసకాయలా కనబడుతుంది. కానీ పనస మర్రి, మేడి చెట్ల కుటుంబానికి చెందినది. దురియన్ బెండ, పత్తి, మందారం కుటుంబానికి చెందినది. పనస తొక్క మీద ఉండేవి మొద్దు బుడిపెలు. దురియన్ ముళ్ళు గట్టిగా, వాడిగా ఉండి చేతికి గుచ్చుకుంటాయి. మలయ్ భాషలో 'దురి' అంటే ముల్లు అనే అర్థం. కాయ కోస్తే సాధారణంగా అయిదు అరలు, ఒక్కొక్క అరలో వెన్నలాంటి గుజ్జు పట్టిన కొన్ని గింజలు ఉంటాయి. వాసన చాలా ఘాటు. అందుకే సింగపూరు మెట్రో రైళ్ళలోకి ఈ పండును తీసుకువెళ్ళనివ్వరు.

మనం లక్ష్మణఫలం అనే పండును మలయ్ భాషలో 'దురియన్ బెలాండా' అంటారు, అంటే డచ్చివారి దురియన్. నిజానికి అది సీతాఫలం జాతి. దాని ముళ్ళు మెత్తగా ఉంటాయి, గుజ్జు తెల్లగా, పీచుగా, పుల్లగా ఉంటుంది. పేరులో దురియన్ ఉన్నంత మాత్రాన దురియన్ కాదని దీనినిబట్టి తెలుస్తుంది.

ముఖ్యమైన రకాలు, వాటి గుర్తులు

మన మామిడిలో బంగినపల్లి, రసాలు, సువర్ణరేఖ ఉన్నట్లే దురియన్‌లోనూ ఎన్నో రకాలున్నాయి. మలేసియా వ్యవసాయ శాఖ ఒక్కొక్క రకాన్ని నమోదు చేసి 'డి' అక్షరంతో ఒక సంఖ్య ఇస్తుంది.

ముసాంగ్ కింగ్, డి197: 1993లో నమోదైంది. దీనికి 'రాజా కున్యిత్' అనే పేరు కూడా ఉంది. కున్యిత్ అంటే పసుపు. గుజ్జు పసుపుకొమ్ము రంగులో చిక్కగా ఉంటుంది. గింజలు చిన్నవి, చప్పిడిగా నొక్కినట్లు ఉంటాయి. కాయ అడుగున అతుకుల గీతలు కలిసి నక్షత్రంలా కనబడతాయి. అన్నిటికన్నా ముఖ్యమైన గుర్తు ఇదే.

డి24: 1937లో నమోదైన పాత రకం. గుజ్జు లేత పసుపు, తీపితోపాటు కొంచెం చేదు.

ఉడాంగ్ మెరా, డి175: ఈ పేరుకు ఎర్ర రొయ్య అని అర్థం. గుజ్జు నారింజ, ఎరుపు కలిసిన రంగులో ఉంటుంది.

దురి హితాం, డి200: నల్లముల్లు అని అర్థం. 2015లో నమోదైంది. కాయ గుండ్రంగా ఉండి, అడుగున చిన్న నల్లని మొన ఉంటుంది.

మోంతోంగ్: ఇది థాయిలాండు రకం. పేరుకు బంగారు దిండు అని అర్థం. కాయ పెద్దది, గుజ్జు లేత పసుపు, వాసన తక్కువ. మలేసియాలో పండు పక్వానికి వచ్చి దానంతట అదే రాలేవరకు ఆగుతారు. థాయిలాండులో చెట్టు మీదనే కోసి తరువాత మాగనిస్తారు.

మోసం ఎక్కడ జరుగుతుంది?

ముసాంగ్ కింగ్‌కు చైనాలో గిరాకీ ఎక్కువ. గడ్డకట్టించిన కాయలను 2019 నుండి, తాజా కాయలను 2024 నుండి చైనా దిగుమతి చేసుకుంటోంది. ధర పెరిగిన చోట పేరు మార్చి అమ్మడమూ పెరుగుతుంది. గుజ్జు పచ్చగా ఉండే డి101, టెక్కా అనే డి160 రకాలను ముసాంగ్ కింగ్ అని అంటగట్టే వ్యాపారులు ఉన్నారు. తప్పుడు వివరణతో సరుకు అమ్మడం మలేసియాలో 2011 నాటి చట్టం ప్రకారం నేరం. అయినా కొనేవారి జాగ్రత్త కొనేవారికి ఉండాలి.

1. రేటు ముందే అడగండి. కాయ మొత్తానికా, గుజ్జుకు మాత్రమేనా అని తేల్చుకోండి. తొక్క, గింజలు పోగా తినడానికి మిగిలేది బరువులో మూడోవంతో, ఇంకా తక్కువో ఉంటుంది.

2. కాయను తిప్పి అడుగుభాగం చూడండి. తూకం వేసిన కాయనే మీ కళ్ళ ముందు కోయించండి.

3. డబ్బాలో పెట్టిన గుజ్జు కొంటే తొక్క మీది గుర్తులేవీ కనబడవు. పేరు మారడానికి ఎక్కువ అవకాశం ఇక్కడే.

4. మన దేశంలో గడ్డకట్టిన ప్యాకెట్టు కొంటే దిగుమతిదారు పేరు, చిరునామా, తేదీలు, 14 అంకెల ఆహార భద్రతా లైసెన్సు నంబరు ఉన్నాయో లేదో చూడండి.

రంగు ఒక్కటే చూసి నమ్మకండి. థాయిలాండు దురియన్లలో 'బేసిక్ ఎల్లో 2' అనే రసాయనం ఆనవాళ్ళు కనబడటంతో, 2025 జనవరి నుండి చైనా ప్రతి సరుకుకూ పరీక్ష నివేదిక ఉండాలని నిబంధన పెట్టింది. దీని మరో పేరు ఆరమైన్. క్షయ క్రిములను కనిపెట్టడానికి ల్యాబుల్లో కఫం పరీక్షకు వాడే రంగు ఇదే! గాజుపలక మీద వాడవలసినది కడుపులోకి పోకూడదు. ఆహారంలో దీనిని వాడటం నిషిద్ధం, క్యాన్సరు కలిగించే ప్రమాదం ఉన్నదిగా దీనిని అనుమానిస్తున్నారు. తొక్క వింతగా మెరిసే పసుపులో ఉన్నా, పట్టుకుంటే చేతికి రంగు అంటినా ఆ కాయ వద్దు.

ఎవరు ఎంత తినవచ్చు?

రకం ఏదైనా శరీరం లెక్క ఒక్కటే. 100 గ్రాముల గుజ్జులో సుమారు 147 కాలరీలు, 27 గ్రాముల పిండిపదార్థాలు, 5 గ్రాముల కొవ్వు ఉంటాయి. ఇందులో కొలెస్టరాల్ ఉంటుందని కొందరు భయపడతారు. మొక్కల నుండి వచ్చే ఆహారం కాబట్టి ఉండదు. ఆరోగ్యవంతులు మితంగా తింటే హాని లేదు.

షుగరు ఉన్నవారు, గర్భంతో ఉండగా షుగరు వచ్చినవారు డాక్టరుగారిని అడిగి, ఒకటి రెండు గింజల చుట్టూ ఉన్న గుజ్జుతో సరిపెట్టుకోవాలి. ఆ పూట అన్నం తగ్గించుకోవాలి. భోజనం పూర్తిగా చేసి, ఆ పైన దురియన్ తినడం మంచిది కాదు.

మూత్రపిండాల జబ్బు ఉన్నవారు, ముఖ్యంగా డయాలసిస్ మీద ఉన్నవారు దీనిని ముట్టుకోవద్దని మా మనవి. 100 గ్రాములలో 430 మిల్లీగ్రాములకు పైగా పొటాషియం ఉంటుంది. ఇది అరటిపండులోకన్నా ఎక్కువ. పాడైన మూత్రపిండాలు దానిని బయటకు పంపలేవు. రక్తంలో పొటాషియం పెరిగితే గుండె లయ తప్పి ప్రాణం మీదికి వస్తుంది. తెలియక తిన్న తరువాత కాళ్ళూ చేతుల నీరసం, గుండెదడ కనబడితే వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి.

మద్యంతో కలిపి అసలే తినకూడదు. మద్యం విషాన్ని విరిచే ఎంజైమును దురియన్ రసం అడ్డుకుంటుందని జపానులోని సుకుబా విశ్వవిద్యాలయం 2009లో ప్రయోగశాల పరీక్షలలో చూపింది. పచ్చి గింజలు తినకూడదు. ఉడికించి లేదా కాల్చి తింటారు.

సంతానం కోసం కొనేవారికి

తమిళనాడులోని బర్లియార్, కల్లార్ ప్రభుత్వ తోటలలో కొన్ని దురియన్ చెట్లున్నాయి. తింటే సంతానం కలుగుతుందనే నమ్మకంతో ఆ కాయలకోసం దూరప్రాంతాల నుండి కూడా వస్తుంటారు. ఈ నమ్మకానికి వైద్యపరమైన రుజువు లేదు. ఇష్టమైతే పండుగా తినండి, మందుగా కొనకండి. సంతానలేమికి కారణం భార్యలో ఉండవచ్చు, భర్తలో ఉండవచ్చు, ఇద్దరిలోనూ ఉండవచ్చు. వీర్యపరీక్ష, థైరాయిడ్ పరీక్ష, స్కానింగు వంటివాటితో చాలావరకు కారణం తెలుస్తుంది. పండు మీద ఆశతో ఏడాది, రెండేళ్ళు గడిపితే ఆ కాలం తిరిగి రాదు. స్త్రీ వయసు 35 దాటితే ఆ జాప్యం మరింత నష్టం. ఆ పండుకు పెట్టే డబ్బు పరీక్షలకు పెట్టండి. భార్యాభర్తలిద్దరూ కలిసి రండి.

విదేశాలకు వెళ్ళే పెద్దలు తమ జబ్బులు, మందుల పేర్లు ఒక కాగితం మీద రాయించుకుని వెంట ఉంచుకోవాలి. పిల్లలు ప్రేమతో కొత్త పండు చేతిలో పెట్టినప్పుడు ముందు ఆ కాగితం వారికి చూపించండి, తరువాత రుచి చూడండి.