శిక్ష ముగిస్తే రికార్డు ముగుస్తుందా?

షోలాపూర్‌లో చదివే పిల్లలందరికీ ఆ నలుగురి పేర్లు తెలుసు. మల్లప్ప ధనశెట్టి, కుర్బాన్ హుసేన్, జగన్నాథ్ శిందే, శ్రీకిసన్ సార్డా. ఇద్దరు పోలీసులను చంపారన్న నేరం మోపి ఆంగ్ల ప్రభుత్వం 1931 జనవరి 12న యెరవాడ జైలులో వారిని ఉరి తీసింది. ఆనాటి కోర్టు కాగితాల్లో వారు నేరస్థులు. మన ఊరికి మాత్రం అమరవీరులు.

ఆ కాలంలోనే ఇక్కడ తీగ కంచె వెనక 'సెటిల్‌మెంటు' ఉండేది. ఫలానా కులంలో పుట్టారు కాబట్టి నేరస్థులేనని ముద్ర వేసి కుటుంబాలకు కుటుంబాలనే అందులో ఉంచారు. ఆ చట్టాన్ని 1952లో రద్దు చేశారు. పుట్టుకతో వచ్చే ముద్ర చట్టంలో పోయింది. మరి కోర్టు శిక్ష వేసినవారి మాటేమిటి?

మగ్గాల పేటల్లో ఈ ప్రశ్న పోలీసు భర్తీ ఫారం నింపేటప్పుడో, పాస్‌పోర్టుకు పోయేటప్పుడో వస్తుంది. 'ఒక్క కేసు పడితే బతుకంతా పోయినట్టే' అనేవారున్నారు. 'కొన్నేళ్లకు అంతా చెరిగిపోతుంది' అనేవారూ ఉన్నారు. రెండూ తప్పే.

ముందుగా, కేసు నమోదైనంత మాత్రాన నేరం రుజువైనట్టు కాదు. శిక్ష పడితే హక్కులు ఒక్కొక్కటి ఒక్కో గడువుకు తిరిగి వస్తాయి. జైల్లో ఉన్నప్పుడు ఓటు వేయలేరు. విడుదలయ్యాక వేయవచ్చు. రెండేళ్లు, అంతకు మించి శిక్ష పడితే విడుదలైన తర్వాత కూడా ఆరేళ్లు శాసనసభకు, పార్లమెంటుకు పోటీ చేయలేరు. నైతికంగా నీచమైన నేరానికి అంత శిక్ష పడితే, ఆ తీర్పు వచ్చిన ఐదేళ్లలోపు పాస్‌పోర్టు నిరాకరించవచ్చు.

పెద్దల శిక్షను కాలం గడిచాక రికార్డు నుంచి తుడిచేసే సాధారణ చట్టం మన దేశంలో లేదు. బ్రిటన్‌లో 1974 నుంచి అలాంటిది ఉంది. మన 1958 ప్రొబేషన్ చట్టం కింద శిక్ష వేయకుండా మంచి నడవడిక షరతుతో వదిలిపెట్టినవారికి మాత్రం, ఆ నేరం వల్ల వచ్చే అనర్హత అంటదు.

విద్యార్థులు గుర్తుంచుకోవలసింది మరొకటి. 18 ఏళ్లు నిండకముందు చేసిన నేరం వల్ల 2015 బాలల న్యాయ చట్టం ప్రకారం అనర్హత రాదు. అప్పీలు గడువు దాటాక ఆ రికార్డును నాశనం చేయాలి. 16 నిండి, ఘోర నేరంలో పెద్దవారిలా విచారణ జరిగి దోషిగా తేలినవారికి ఇది వర్తించదు.

ఉద్యోగ ఫారంలో అడిగితే ఉన్నది ఉన్నట్టు రాయాలి. నిజం చెప్పినా ఉద్యోగం ఇచ్చి తీరాలని లేదు. అయితే చిన్న నేరమైతే, చేసినప్పటి వయసునూ పరిస్థితినీ చూసి క్షమించవచ్చని 2016లో సుప్రీంకోర్టు చెప్పింది. దాచి దొరికితే వచ్చిన ఉద్యోగమే పోవచ్చు.

సందేహం వస్తే జిల్లా న్యాయ సేవల ప్రాధికార సంస్థకు వెళ్లండి, లేదా 15100కు ఫోన్ చేయండి. మహిళలకు, పిల్లలకు, తక్కువ ఆదాయం ఉన్నవారికి అక్కడ వకీలు ఉచితం. ఫారం మీద సంతకం పెట్టకముందే అడగడం మేలు.