తెర మీది జంట, తెర ముందు మనసు

నటుడికి ప్రేక్షకుడి ఉనికే తెలియకపోయినా, ప్రేక్షకుడి మనసులో మాత్రం ఆ నటుడు ఏళ్ల తరబడి ఎరిగిన ఆత్మీయుడిలా స్థిరపడిపోవడాన్ని డొనాల్డ్ హార్టన్, రిచర్డ్ వోల్ అనే పరిశోధకులు 1956లో ఒక వ్యాసంలో విశ్లేషించి, ఒక వైపు నుంచే సాగే ఈ సాన్నిహిత్యాన్ని పారాసోషల్ సంబంధంగా వ్యవహరించారు. వారు ముఖ్యంగా రేడియో, టెలివిజన్ వ్యాఖ్యాతలను దృష్టిలో పెట్టుకున్నా, ఎన్టీఆర్ కృష్ణుడి వేషంలోని పటాలను ఇళ్లలో పెట్టుకున్న తెలుగువారికి ఆ పరిశీలన కొత్తగా తోచదు. ముఖాన్ని, గొంతును పదే పదే దగ్గరగా చూసి, విని మనిషిని గుర్తుపట్టడానికి అలవాటుపడిన మెదడు, ఆ ముఖం తెర మీదిదని తెలిసినా స్పందించడం మానుకోదు.

కల్పిత ప్రేమజంటపై అభిమానం మరికొంత చిక్కైనది. హీరోను ఆరాధించేవాడు ఆ హీరో గెలుపును తన గెలుపుగా భావించుకుంటాడు గాని, జంటను అభిమానించేవారు తమకంటూ ఏమీ ఆశించకుండా, ఎవరో ఇద్దరు కలిసి ఉండాలని మాత్రమే కోరుకుంటారు.

భాస్కర్ దర్శకత్వంలో రామ్ చరణ్, జెనీలియా నటించగా 2010 నవంబరులో విడుదలైన ‘ఆరెంజ్’ ఇందుకు చక్కని ఉదాహరణ. కథ చాలావరకు సిడ్నీలో నడిచే ఈ చిత్రంలో, ప్రేమ కలకాలం నిలవదని నమ్మే యువకుడు ఆ మాటను ప్రేమించిన అమ్మాయికే చెబుతాడు. అప్పటి ప్రేక్షకులు దాన్ని తిరస్కరించారు. అదే చిత్రం 2023 మార్చిలో, రామ్ చరణ్ పుట్టినరోజు సందర్భంగా మళ్లీ విడుదలైనప్పుడు థియేటర్లు పాటలతో మార్మోగాయి. మనస్తత్వవేత్త రాబర్ట్ జయాంక్ 1968లో అర్థం లేని పదాలను, చైనా లిపిని పోలిన అక్షరాలను కొన్నింటిని ఒకసారి, కొన్నింటిని 25 సార్ల వరకు చూపి, ఎక్కువసార్లు చూసినవాటినే జనం ఎక్కువగా ఇష్టపడతారని గమనించారు. ఈ చిత్రానికి హారిస్ జయరాజ్ కూర్చిన పాటలు పన్నెండేళ్లకు పైగా చెవిన పడుతూ ఉండడం కూడా ఇలాగే పనిచేసి ఉండవచ్చు. అయితే పరిచయం ఒక్కటే కారణమనుకోవడం తొందరపాటవుతుంది. కౌమారంలో ఆ చిత్రం చూసినవారు ఈలోగా ప్రేమ, పెళ్లి, విడిపోవడం చవిచూసి, నాడు విసుగు పుట్టించిన నాయకుడి వాదనలో ఎంతో కొంత నిజాన్ని కనుగొని ఉంటారు.

కాన్‌బెర్రా ఉత్తర శివారైన హారిసన్‌లో స్థిరపడిన తెలుగువారికి ఈ అభిమానం ఇంకో అవసరం తీరుస్తుంది. జే డెరిక్, షిరా గాబ్రియెల్, కర్ట్ హ్యూగెన్‌బర్గ్ అనే పరిశోధకులు 2009లో ప్రచురించిన ప్రయోగాల్లో, ఆప్తులతో జరిగిన గొడవను తలచుకొని నొచ్చుకున్నవారు తమకు నచ్చిన టీవీ కార్యక్రమం గురించి రాసినప్పుడు, వారి ఆత్మగౌరవం అంతగా దిగజారలేదు. అంతగా నచ్చని కార్యక్రమం గురించి రాసినవారికి ఆ ఊరట దక్కలేదు. కల్పిత పాత్రలు తాత్కాలికంగా బంధువుల చోటు భర్తీ చేస్తాయనే ఈ భావనను సామాజిక ప్రత్యామ్నాయం అంటారు. హైదరాబాద్ ప్రేక్షకుడికి ‘ఆరెంజ్’లో సిడ్నీ సుదూర స్వప్నంగా తోస్తే, హారిసన్‌వాసికి అదే నగరం కారులో మూడు గంటల దూరం మాత్రమే కావడంతో, అతడు ఆ తెర మీద వెతుక్కునేది సముద్రతీరాన్ని కాదు, ఆ తీరాన తెలుగులో పోట్లాడుకుంటున్న ఇద్దరిని.