ఏ పైరుకు ఏ నీరు?

వాడి పారబోసిన నీళ్లే శుద్ధయి మళ్లీ పొలానికొస్తే? కరవులో వరమే. కానీ ఆ నీటితో పండిన క్యారెట్‌ను మనం పచ్చిగానే కొరికేస్తాం. నీళ్లలో రోగక్రిములు మిగిలి ఉంటే..?

అందుకే ఐరోపా సమాఖ్య 2020లో ఓ చట్టం చేసింది. 2023 జూన్‌ 26 నుంచి అది అమల్లోకొచ్చింది. దాని ప్రకారం సాగుకిచ్చే శుద్ధజలం నాలుగు తరగతులు. పచ్చిగా తినే దుంపలకూ, తినే భాగానికి నీరు తగిలే సలాడ్‌ ఆకుల్లాంటి వాటికీ ‘ఎ’ తరగతి నీరే వాడాలి. అందులో 100 మిల్లీలీటర్లకు ఈ-కోలి బ్యాక్టీరియా 10కి మించకూడదు. వారం వారం పరీక్షించాలి. ఇంధనం కోసమో విత్తనం కోసమో వేసే పంటలకైతే 10,000 వరకూ ఫర్వాలేదు. వెయ్యి దాకా ఉండే ‘సి’ తరగతి నీటిని ఆహార పంటలకు డ్రిప్‌తోనో మరో పద్ధతిలోనో ఇవ్వాలి... తినే భాగానికి తగలకుండా!

హైదరాబాద్‌ దిగువన మూసీ నీటితో ఏళ్లుగా వరి, పశుగ్రాసం పండిస్తున్నారు. నీటిని శుద్ధి చేయడంతోనే పని అయిపోదు. ఏ పైరుకు ఏ నీరో అక్కడా తేలాలి.