మెత్తని గొంతుతో వేసే శిక్ష

‘వన్ ఫ్లూ ఓవర్ ది కకూస్ నెస్ట్’ 1975లో వచ్చిన అమెరికా చిత్రం. అందులో బూతులున్నాయి, తాగుడుంది. పిల్లలతో కూర్చుని చూసేది కాదు. అలాంటి చిత్రం గురించి ఈ పేజీలో ఎందుకని పాఠకులు అడగవచ్చు. మనసు జబ్బుపడినవారు మన సంఘాల్లోనూ ఉన్నారు. వారితో మనం మాట్లాడే తీరును ఈ చిత్రం నిలదీస్తుంది. అందుకే రాస్తున్నాం.

కెన్ కేసీ 1962లో ప్రచురించిన నవల దీనికి ఆధారం. దర్శకుడు మిలోష్ ఫోర్మన్. ఓరెగాన్ రాష్ట్రంలోని సేలం పట్టణంలో ఉన్న నిజమైన మానసిక ఆసుపత్రిలోనే చిత్రీకరించారు. అక్కడి సూపరింటెండెంటు డాక్టర్ డీన్ బ్రూక్స్ చిత్రంలో కూడా డాక్టరుగానే నటించారు.

కథ 1963 నాటిది. మెక్‌మర్ఫీ అనే ఖైదీ జైలు చాకిరీ తప్పించుకోవాలని మతి చెడినవాడిలా ప్రవర్తించి ఆసుపత్రికి చేరతాడు. ఆ వార్డు నర్సు రాచెడ్ చేతిలో ఉంటుంది. ఆమె రోగులను గుండ్రంగా కూర్చోబెట్టి, అందరి ఎదుట వారి సొంత బాధలు చెప్పిస్తుంది. టీవీలో బేస్‌బాల్ పోటీ చూడనివ్వాలా వద్దా అని ఒకసారి ఓటింగు పెడుతుంది. తొమ్మిది చేతులు లేస్తాయి. వార్డులో మొత్తం పద్దెనిమిది మంది ఉన్నారు కాబట్టి అవి చాలవంటుంది. మెక్‌మర్ఫీ ఎలాగో పదో చేయి లేపిస్తాడు. అప్పటికే సమావేశం ముగిసిందంటుంది. ఆమె ఎక్కడా గొంతు పెంచదు, నియమం తప్పదు.

ఆ తర్వాత మెక్‌మర్ఫీకి ఒక సంగతి తెలుస్తుంది. తనలా బలవంతంగా అక్కడ ఉంచినవారు కొద్దిమందే. మిగిలినవారు తమంతట తామే వచ్చి చేరినవారు. ఎప్పుడు కావాలంటే అప్పుడు ఇంటికి వెళ్లిపోవచ్చు. అయినా వెళ్లరు. బయటి లోకంలో బతకలేమనే భయం, సిగ్గు వారిని తలుపు దాటనివ్వవు.

అలాంటి వారిలో ఒకడు బిల్లీ. నత్తి ఉన్న కుర్రవాడు. ఒక రాత్రి మెక్‌మర్ఫీ వార్డులో దొంగచాటుగా విందు చేస్తాడు. తెల్లవారాక బిల్లీ ఒక స్త్రీతో కలిసి నర్సు కంట పడతాడు. సిగ్గుగా లేదా అని ఆమె అడిగితే లేదని చెబుతాడు. ఆ మాటలో నత్తి ఉండదు. అప్పుడామె మెల్లగా, ఈ సంగతి మీ అమ్మ ఎలా తట్టుకుంటుందోనని అంటుంది. ఆ తల్లి ఆమెకు స్నేహితురాలు. బిల్లీకి నత్తి తిరిగి వస్తుంది. అమ్మకు చెప్పవద్దని బతిమాలుకుంటాడు. కొద్దిసేపటికే ప్రాణం తీసుకుంటాడు.

బిల్లీ చేసింది ఒప్పని మేము అనడం లేదు. తప్పు చేసినవాణ్ణి దిద్దాలి. అయితే వాడికి ఎక్కడ ఎక్కువ నొప్పి పుడుతుందో తెలిసి అక్కడే నొక్కడం దిద్దడం కాదు. పైగా రాచెడ్ తాను మేలే చేస్తున్నానని నమ్ముతుంది. ఈ చిత్రంలో మమ్మల్ని ఎక్కువగా భయపెట్టింది ఆ నమ్మకమే.

రాచెడ్‌గా నటించిన లూయీస్ ఫ్లెచర్ తండ్రి ఎపిస్కోపల్ సంఘ పాదిరి. తాను చెవిటివాడై ఉండి చెవిటివారి మధ్య సేవ చేశారు. తల్లికీ వినికిడి లేదు. ఈ చిత్రానికి ఐదు ప్రధాన ఆస్కార్ పురస్కారాలు వచ్చాయి. 1976లో ఉత్తమ నటి పురస్కారం అందుకున్న ఫ్లెచర్ వేదిక మీదనుండి తల్లిదండ్రులకు సైగల భాషలో కృతజ్ఞతలు చెప్పారు. ఎదుటివారి మాట వినని నర్సుగా నటించిన ఆమె, వినలేనివారితో వారి భాషలోనే మాట్లాడుతూ పెరిగిన బిడ్డ.

ఒక హెచ్చరిక కూడా అవసరం. చిత్రంలో మత్తు లేకుండా కరెంటు షాకు ఇవ్వడం చూసి, చివరకు మెక్‌మర్ఫీ మెదడుకు చేసిన ఆపరేషన్ చూసి, మానసిక ఆసుపత్రి అంటేనే భయపడినవారు ఉన్నారు. నేటి వైద్యం అది కాదు. మన దేశంలో 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం మత్తు, కండరాలు సడలించే మందు ఇవ్వకుండా షాకు చికిత్స చేయకూడదు. రోగిని గొలుసులతో కట్టకూడదు. కనుక ఈ చిత్రం చూసి ఎవరూ మందులు మానవద్దు, డాక్టరు దగ్గరకు వెళ్లడానికి వెనుకాడవద్దు.

ఇక మన సంగతి. ప్రార్థన కూడికలో మైకు పట్టుకుని ‘ఫలానా అక్కగారి అబ్బాయికి మతి బాగాలేదు, అందరూ ప్రార్థించండి’ అంటాం. ప్రేమతోనే అంటాం. ఆ అబ్బాయి వెనుక వరుసలోనే కూర్చుని ఉంటాడు. మరుసటి ఆదివారం రాడు. విశ్వాసం తగ్గిందనుకుంటాం.

విన్నపం చదివే ముందు అతణ్ణి ఒక్కమాట అడుగుదాం. చెప్పవద్దంటే చెప్పకుండానే ప్రార్థిద్దాం. ఆసుపత్రికి వెళ్లే రోజున తోడు వెళదాం. ఎవరితోనూ చెప్పుకోలేనివారికి టెలీ మానస్ ఉచిత నంబరు 14416 ఇద్దాం. రాత్రయినా పగలయినా అక్కడ తెలుగులో మాట్లాడేవారు ఉంటారు.